హబ్షీ కాపలా

మధ్యాహ్నం రెండు గంటలకే సుమయ్య ఇల్లు సర్దేసింది. బియ్యం బస్తా మంచమెక్కింది. కుట్టుమిషను తల విప్పి దుప్పట్లో చుట్టింది. రేషను కార్డూ ఆధార్ కార్డులూ కవర్లో పెట్టి రెండు ముళ్ళేసింది. సచివాలయం వాళ్ళ మైకు ఆటో పొద్దుటి నుంచి ఊరంతా తిరుగుతూనే ఉంది. తుఫాను సాయంత్రానికి తీరం దాటుతుందట, అందరూ హైస్కూలుకి వచ్చేయాలట, అక్కడ అన్నం పొట్లాలిస్తారట. ఎదురింటి కోళ్ళు ఎవరూ చెప్పకుండానే గంప కింద దూరాయి.

ఇంట్లో సర్దాల్సింది ఒక్కటే మిగిలింది. అది ఆమె అన్న రఫీ.

రఫీ ఇంటికి రాక పదకొండు రోజులు. ఏమంత దూరమని? ఊరు దాటి, సరుగుడు తోట దాటి పోతే ఏరు సముద్రంలో కలిసే మొగ. అక్కడ కొడవలూరు నరేంద్రబాబు తవ్వించిన రొయ్యల గుంటలు. నడిచిపోతే ముప్పావు గంట. ఆ బాబు రఫీని పగటి కాపలాకి పెట్టుకున్నాడు. రెండు ఖాకీ చొక్కాలు కుట్టించి, సెక్యూరిటీ ఇన్‌చార్జి అని పేరు కూడా పెట్టేసరికి రఫీ మురిసిపోయాడు. పొద్దున పోవడం, దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండడం. అలాంటిది, పదకొండు రోజుల కిందట పోయినవాడు ఇక తిరిగి రాలేదు.

మొదట్లో ఫోనెత్తేవాడు. "పనుందిమే. నేర్చుకుంటాండా" అనేవాడు. రొయ్యలు కాయడంలో నేర్చుకునేదేముందని సుమయ్య నవ్వింది. తర్వాత ఫోను మోగేది గానీ ఎత్తేవాడు కాదు. ఆ తర్వాత మోగడమూ మానేసింది. రెండుసార్లు ఆమె అన్నం కేరియరు పట్టుకుని పోయింది. దూరంగా కట్ట మీదే నిలబడి, అక్కడే పెట్టి పొమ్మన్నట్టు చెయ్యూపాడు. దగ్గరికి రానివ్వలేదు.

"నడువవ్వా, చినుకు పడేలోగా పోదాం."

సుల్తాన్‌బీ గుంజకి ఆనుకుని కదలకుండా కూర్చుంది. "నా మనవడు లేకుండా నేను యాడికీ రాను. ఆ పొట్లాలు నువ్వే తిను."

అప్పుడే వాకిట్లో బండి ఆగింది. హెబ్రోను. గుంటల దగ్గర రాత్రి కాపలా అతనిదే.

"అవ్వని ఎక్కించుమే, హైస్కూలు కాడ దించేస్తా."

"నువ్వీడుంటే గుంటల కాడ ఎవరుండారు?"

"మీ అన్నే."

"రాత్రిళ్ళు?"

హెబ్రోను చూపు దించేశాడు. "రాత్రీ మీ అన్నే. పది రోజుల నుంచి నన్ను కట్ట ఎక్కనీలా."

"పది రోజుల నుంచి చూస్తా నోట్లో ఏం పెట్టుకోనుండావు?"

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోను తీశాడు.

ఆ తీరంలో ఒక పద్ధతుంది. తాటితోపు కాసేవాడైనా, వలలు కాసేవాడైనా, కాపలా మారేటప్పుడు కర్రని చేతికివ్వడు. నేల మీద పెట్టి పక్కకి జరుగుతాడు. వచ్చినవాడు వంగి ఎత్తుకుంటాడు. నరేంద్రబాబు అది చూసి పగలబడి నవ్వాడు. "ఏందిరా ఈ చాదస్తం? ఎవుడు ఎవుడికి అప్పజెప్పినాడో నాకెట్టా తెలిసేది? చేతికియ్యండి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి" అన్నాడు. నాటి నుంచి రోజూ పొద్దునా సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫోటో. ఒక కర్ర, దానికి చెరో కొసన రెండు చేతులు.

"పదకొండు రోజుల కిందట, ఆ పొద్దున మంచు ఎక్కువుంది," అన్నాడు హెబ్రోను. "నేను షెడ్డులో పడి నిద్రపోయినా. లేచొచ్చేసరికి మీ అన్న కట్ట మీదుండాడు, చేతిలో కర్రుంది. ఫోటో కూడా పెట్టేసినాడు. నా కర్రే ఎత్తుకున్నాడులే అనుకున్నా… చూస్తే నా కర్ర షెడ్డులో నా పక్కనే ఉందిమే."

ఫోటోలో మంచు. రఫీ చెయ్యి. నల్లటి పొడుగాటి కర్ర. అవతలి కొసన ఎవరూ లేరు. కర్ర మాత్రం పడిపోకుండా గాల్లో అడ్డంగా నిలబడి ఉంది.

"మంచులో ఎవురో పొడుగ్గా నిలబడి అందించినారంట. నేనే అనుకున్నాడంట."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలా?"

"నిద్రపోయినానని తెలిస్తే బాబు పన్లోంచి తీసేస్తాడని…"

సుల్తాన్‌బీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. "ఈ పొద్దు పన్నెండోది" అంది.

మొగ పక్కన ఇసకదిబ్బ మీద హబ్షీ సమాధి ఉంది. ప్రతి గురువారం దానికి దీపం పెట్టి, ఏదో సన్నగా పాడుకుని వచ్చేది సుల్తాన్‌బీ ఒక్కతే. ఏనాటి మాటో గానీ, పరదేశపు ఓడ ఒకటి అక్కడ లంగరేసిందట. దింపిన సరుకులో మనుషులున్నారు. వాళ్ళలో ఒక హబ్షీ పిల్లవాడు, సముద్రాలవతల ఆఫ్రికాలో తల్లి ఒడిలోంచి ఎత్తుకొచ్చినవాడు. ఈ తీరాన్ని ఏలే దొర వాడి ఎత్తు చూసి కొన్నాడు. పేడ ఎత్తించాడు. గుర్రాలు కడిగించాడు. ఒకనాడు దొంగలు పడవల్లో వస్తే వాడొక్కడే ఏట్లోకి దిగి ఏడుగురిని పడగొట్టాడు. అప్పుడు దొర పన్నెండు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని యుద్ధం నేర్పించాడు. పట్టు తలపాగా కట్టించాడు, గుర్రమిచ్చాడు, తన పక్కన కూర్చుని భోంచేయనిచ్చాడు. ఒక్క పని మాత్రం చేయలేదు. వాడి కాలికున్న ఇనప కడియం తీయించలేదు. దానికి వెండి తొడుగు వేయించాడు.

శత్రువులొచ్చిన రోజు దొర తన చేత్తో వాడి చేతికి కత్తి అందించాడు. "నేనొచ్చి నా చేత్తో తీసుకునేదాకా మొగ కాచుకో. ఆనాడు నిన్ను మీ దేశానికి పంపిస్తా" అన్నాడు. మాటిచ్చిన దొర వెనక దారిన పారిపోయాడు. హబ్షీ నిలబడే ఉన్నాడు. నిలబడే పోయాడు. పూడ్చేటప్పుడు పిడికిలి విప్పడం ఎవరి వల్లా కాలేదట.

"పొద్దు గూకేలోపల వాడి చేతిలోది నేల తాకాల, లేకుంటే ఆ కాపలా వాడిదైపోతుంది," అంది అవ్వ. "నువ్వు మాత్రం వాడి చేతిలోంచి తీసుకోబాకమ్మా. కింద పెట్టించు. అంతే."

అవ్వని హైస్కూలు దగ్గర దించాక, హెబ్రోను సరుగుడు తోట అంచున బండి ఆపేశాడు. అక్కడి నుంచి రానన్నాడు. రమ్మని ఆమె అడగనూ లేదు.

నాలుగు గంటలకే చీకటి. మామూలు చీకటి కాదు, తడి గోనెసంచి తల మీద కప్పినట్టుంది. సరుగుడు చెట్లు ఒకటే హోరు పెడుతున్నాయి. వాన అడ్డంగా కొడుతోంది, పెదాలకి ఉప్పుగా తగులుతోంది. గుంటల అడుగు బురద కంపు, చచ్చిన రొయ్యల నీచు కలిసి గొంతులో పట్టుకున్నాయి. కరెంటు పొద్దుటే తీసేశారు. జనరేటరు చప్పుడు లేదు. అయినా గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల రెక్కలు తిరుగుతున్నాయి. మెల్లగా… ఎవరో తీరిగ్గా చేత్తో తిప్పుతున్నట్టు.

కట్ట చివర రఫీ నిలబడి ఉన్నాడు.

కాళ్ళు ఎడంగా పెట్టి, గుండె విరుచుకుని, సముద్రం వైపు చూస్తూ. ఎప్పుడూ భుజాలు వంచుకుని నడిచే తన అన్న అలా నిలబడగా సుమయ్య ఏనాడూ చూడలేదు. వాన కళ్ళల్లో పడుతున్నా రెప్ప వేయడం లేదు. కుడిచేతిలో ఆ నల్లటిది. కర్ర కాదు, తుప్పుతో నల్లబడ్డ పాత కత్తి.

"అన్నా…"

"రావద్దన్నా గదమే." పెదాలు మాత్రమే కదిలాయి.

"అది కింద పెట్టెయ్. అవ్వ చెప్పింది. పెట్టెయ్, పోదాం."

"పెట్టలేకపోతాండా. వంగితే మణికట్టు పట్టుకుంటాడు."

"ఎవురు?"

రఫీ కళ్ళు పక్కకి తిరిగాయి, తన భుజం వెనక్కి. అక్కడ వాన పడడం లేదు. నిలువెత్తు మనిషికంటే మూరెడు ఎత్తున, అంతమేరా వాన చీలి రెండు పక్కలా జారిపోతోంది. గాలి ఒక్క క్షణం ఆగింది. గుర్రపు చెమట వాసన… ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో గుర్రం అన్నదే లేదు.

"మంచోడే సుమయ్యా," అన్నాడు రఫీ. "తిట్టలా, కొట్టలా. ఎట్టా నిలబడాల్నో, నిద్ర ఎట్టా ఆపుకోవాల్నో నేర్పించినాడు. ఆయనకి ఇంటికి పోవాలనుంది. అంతే…"

"మనకీ ఇల్లుంది గదన్నా."

అప్పుడు రఫీ ఏడ్చాడు. ఒళ్ళు కదలకుండా, ముఖం కూడా ముడతపడకుండా ఏడ్చాడు.

సుమయ్య రెండు చేతులతో అతని మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. బండరాయిని లాగినట్టుంది. మోకాళ్ళ మీద కూలబడి, తన బరువంతా వేలాడేసింది. కదిలింది. నడుము దాకా వచ్చింది… మోకాలి దాకా… రఫీ పళ్ళ బిగువున మూలుగుతున్నాడు. పిక్క దాకా… ఇంకొక్క జానెడు. కింద బురద మెరుస్తోంది. ఒక్క జానెడు.

అప్పుడు ఆమె చేతుల మీద ఇంకో చెయ్యి పడింది.

పెద్ద చెయ్యి. చల్లగా ఉంది. లాగలేదు. నెట్టలేదు. చలికి దుప్పటి కప్పినట్టు, ఆమె రెండు చేతులనీ మెత్తగా కప్పింది. చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఒక మాట అన్నారు. ఏ భాషో తెలియదు. బతిమాలుతున్నారని మాత్రం తెలిసింది…

సుమయ్య వదిలేసింది.

ఎవరూ విడిపించలేదు. వేళ్ళు జారలేదు. భయపడింది, వదిలేసింది. ఆ తర్వాత ఎవరెన్ని రకాలుగా అడిగినా ఈ సంగతి చెప్పలేదు. నీళ్ళొచ్చాయంది, కట్ట తెగిందంది, అన్న కొట్టుకుపోయాడంది. నిజానికి కట్ట తెగనే లేదు. ఆమె లేచి పరిగెత్తింది. వెనక నుంచి రఫీ ఒక్కసారే పిలిచాడు.

"సుమయ్యా… జానెడేమే… ఒక్క జానెడే…"

తుఫాను ఆ సాయంత్రమే తీరం దాటింది. హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిలో, బెంచీ కింద ముడుచుకుని, సుమయ్య రెండు రోజులు చెవులు మూసుకునే ఉంది.

మూడో రోజు ఊళ్ళోకి తిరిగొచ్చారు. తాటాకు కొట్టాలన్నీ లేచిపోయాయి. వాళ్ళ ఇల్లు మాత్రం గోడలతో సహా నిలబడే ఉంది. సుమయ్య బురద తోడుతుంటే వీధిలో కేకలు వినిపించాయి. "రఫీ వచ్చినాడే! సుల్తాన్‌బీ, నీ మనవడు వచ్చినాడే!"

వచ్చాడు. అదే ఖాకీ చొక్కా, అదే ముఖం, ఎడమ కనుబొమ్మ మీద చిన్ననాటి గాటు కూడా అదే. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. హెబ్రోను అతన్ని కావిలించుకుని భోరుమన్నాడు. ఇంటింటి నుంచీ కూరలొచ్చాయి. పెట్టినదంతా తిన్నాడు. ప్రతి ముద్దనీ కళ్ళు మూసుకుని, ఆగి ఆగి తిన్నాడు. అవ్వ విసనకర్రతో విసురుతూ పక్కనే కూర్చుంది. ఆ ముఖంలో అంత వెలుగు సుమయ్య ఎన్నడూ చూడలేదు. అన్న బతికున్నాడు. నేల తాకించి ఉంటాడు. తనంతట తనే ఆ జానెడూ దించేసి ఉంటాడు… అలాగే అనుకోవాలని ఎంత ప్రయత్నించిందో.

దీపం పెట్టేవేళకి జనం వెళ్ళిపోయారు. కరెంటు ఇంకా రాలేదు. సుమయ్య పొయ్యి దగ్గర గిన్నెలు తోముతుంటే అతను వచ్చి గడపలో గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు ఆమె చేతుల వంకే చూశాడు.

"ఆ పొద్దు నువ్వు చేతులు వదిలినావు," అన్నాడు, రఫీ గొంతుతోనే, చాలా నెమ్మదిగా. "నీ మేలు మరిచిపోను."

గిన్నె ఆమె చేతిలోంచి జారి బూడిదలో పడింది.

"మా అన్న…?"

"బాగా నిలబడతాడు. నాకంటే తొందరగా నేర్చుకున్నాడు."

"ఎన్నాళ్ళు?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదని నిజంగానే ఆలోచించాడు. ఆ కళ్ళల్లో జాలి కూడా ఉంది.

"మొదటి నూరేళ్ళే కష్టం," అన్నాడు. "తర్వాత కాళ్ళు తెలియవు."

లేచి ముందు గదిలోకి పోయాడు. చాప చప్పుడు వినిపించింది. సుమయ్య గోడ పట్టుకుని లేచింది. అవ్వకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఇద్దరూ కలిసి పోతే, ఈ రాత్రే పోతే, ఏదన్నా దారి… తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

అతను అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అంత మనిషీ చంటిపిల్లాడిలా ముడుచుకున్నాడు. అవ్వ జుట్టు నిమురుతూ సన్నగా పాడుతోంది. సుల్తాన్‌బీకి తెలుగూ నమాజు మాటలూ తప్ప ఇంకే భాషా రాదు. ఆ పాట తెలుగు కాదు. నమాజు మాటలూ కావు. కట్ట మీద చెవి దగ్గర విన్న ఆ ఒక్క మాట మాత్రం అందులో మళ్ళీ మళ్ళీ వస్తోంది.

అవ్వ ఒక చరణం పాడి ఆగింది. రెండోది అతను అందుకున్నాడు.

సుల్తాన్‌బీ తలెత్తి సుమయ్యని చూసింది. నిమిరే చెయ్యి ఆపకుండానే, రెండో చేత్తో, తలుపు వెయ్యమన్నట్టు సైగ చేసింది.