ఒరిగే బండి

మలుపు దగ్గర ఆమె ఎప్పటిలాగే ఒంటిని ఎడమవైపుకి ఒంచింది. బండి మాత్రం ఒరగలేదు.

ఎడమవైపు వీధి, కుడివైపు గోడ, ఎదురుగా సగం కట్టిన ఇల్లు, దాని ముందు ఇసుక గుట్ట. బండి ఇసుక గుట్టనే ఎంచుకుంది. నేరుగా వెళ్ళి ముక్కుదాకా దిగబడి, తనకేమీ తెలియనట్టు నిటారుగా నిలబడింది. ఆమెకే ఆ భాగ్యం దక్కలేదు. నోట్లో ఇసుకతో, ఒంటి చెప్పుతో లేచి, ముందుగా వెనకనున్న కేకుల పెట్టె మూత తెరిచి చూసింది. నయం, ఖాళీ పెట్టె.

బండిని అప్పుడే బాగుచేయించుకుని వచ్చిన షెడ్డు అక్కడికి వంద అడుగులు. ఆమె వెళ్ళేసరికి మెకానిక్ చేతులు కడుక్కుని, మంచి పని చేసిన మనిషి మొహంతో టీ తాగుతున్నాడు.

"ఏం చేశారు నా బండిని?"

అతను ఆమె జుట్టులోని ఇసుక చూశాడు. గ్లాసు పక్కన పెట్టాడు. "బ్రేకులు సరిచేశానండీ. ఇంకొకటి కూడా చేశాను. ముందు చక్రాలు రెండూ పక్కలకి ఊగిపోతున్నాయి. ఇన్నాళ్ళూ ఎలా తోలారో ఏమో. అడ్డంగా ఇనుప పట్టీ వేసి బిగించేశాను. ఇక జన్మలో ఊగదు."

"అది ఊగాలి."

"ఊగాలా?"

"ఊగడానికే పుట్టింది."

అతని పొరపాటుకి ఒక కారణం ఉంది. ఆ వీధుల్లో అతన్ని పేరుతో ఎవరూ పిలవరు, బిగింపు అంటారు. అతను బిగించిన నట్టు విప్పాలంటే మళ్ళీ అతనే రావాలని ప్రసిద్ధి. ఊగేది ఏది కనిపించినా అతని చేతులు ఊరుకోవు. బల్ల కాలు, కిటికీ రెక్క, ఎదుటి మనిషి కళ్ళజోడు కాడ, ఏదైనా సరే.

ఆ బండి మరి మామూలుది కాదు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపు తిరిగేటప్పుడు మూడూ కలిసి మోటార్‌సైకిల్‌లాగే పక్కకి ఒరుగుతాయి. ఆగినప్పుడు చేతి దగ్గరున్న లాక్ నొక్కితే, కాలు కింద పెట్టనక్కర్లేకుండా దానంతటది నిలబడుతుంది. అలాంటిది ఊరంతటికీ అదొక్కటే. ముందు నుంచి చూస్తే కళ్ళు బయటికి పెట్టుకున్న పీతలా ఉంటుందని అందరూ దాన్ని పీత అన్నారు. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్ళు, స్పేర్ చక్రం ముందే తగిలించుకు తిరుగుతున్నారా అని అడిగేవారు. ఆమె అవునని తలూపేది.

దాన్ని కొనడం వెనక వాళ్ళ అమ్మ ఉంది. ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి పిండి కలిపి కేకులు కాలుస్తుంది. కూతురు క్రీము పూసి, పూలు దిద్ది, ఎవరి కేకు వాళ్ళ ఇంటికి చేరుస్తుంది. మోటార్‌సైకిల్ కొంటానంటే తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ భయం అలాంటిది. కూతురు గడప దాటకముందే తల్లి మనసులో నాలుగుసార్లు పడి లేస్తుంది. వెతగ్గా వెతగ్గా ఒక పళ్ళ డాక్టరు వాడి వదిలేసిన ఈ బండి దొరికింది. తల్లి బండి చుట్టూ తిరిగి చక్రాలు లెక్కపెట్టింది. మూడున్నాయి, సరేనంది. పోతూ పోతూ ఒక షరతు పెట్టింది.

"ఒక్కసారి కింద పడ్డావంటే బండి అమ్మేస్తాను. మళ్ళీ మాట్లాడేది లేదు."

అది ఒరుగుతుందన్న సంగతి కూతురు చెప్పలేదు. వాళ్ళ వీధి గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. చివరిదాకా నిటారుగా వెళ్ళి, మలుపు తిరిగాకే అసలు రంగు బయటపెట్టేది. ఇంటి ముందు ఆగి లాక్ వేస్తే, కాలు కింద పెట్టకుండా నిలబడ్డ బండిని చూసి తల్లి ఎదురింటావిడతో, మంచం మీద కూర్చున్నట్టే ఉంటుందండీ అని చెప్పుకునేది.

ఇదంతా ఆమె ఆ రోజు మెకానిక్‌కి చెప్పింది. ఇసుక గుట్ట సంగతి అమ్మ చెవిన పడితే బండీ పోతుంది, పనీ పోతుంది అంది. మెకానిక్ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. బండిని తోసుకొచ్చి పట్టీ విప్పాడు. తప్పు తనదే కాబట్టి బండిని ఇకమీదట తనే చూస్తానని, వారానికోసారి తీసుకురమ్మని అడిగాడు. ఆమె ఒప్పుకుంది. అయితే ఆ పట్టీని పారేయకూడదని, కళ్ళెదురుగా గోడకి వేలాడదీయాలని చెప్పింది.

"ఎందుకండీ?"

"చెయ్యి దురద పెట్టినప్పుడు చూసుకోడానికి."

అతను ఆ బండి పుస్తకం ఎక్కడో సంపాదించి, పరీక్షకి చదివినట్టు చదివాడు. ముందు చక్రాలని కలిపే చేతుల్లాంటి కడ్డీలు విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించాడు, ఈసారి ఆమెని అడిగి అడిగి. ఇంత చాలా? ఇంకొంచెమా? ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు చెప్పేది.

లాక్ బాగు చేసిన రోజు, ఒకసారి నడిపి చూస్తానని తీసుకెళ్ళాడు. మలుపు దగ్గర ఆగి, లాక్ వేసి, రెండు కాళ్ళూ పైన పెట్టుకుని గర్వంగా ఆమె వైపు చూశాడు. ఆ గర్వంలో చెయ్యి కాస్త తిరిగి యాక్సిలరేటర్ పడింది. యాక్సిలరేటర్ పడితే లాక్ దానంతటదే ఊడుతుందని పుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది. అతను అప్పటికి తొమ్మిదో పేజీ దాకానే చదివాడు. బండి ఏ తొందరా లేకుండా, నిద్ర వచ్చిన దానిలా ఇసుక గుట్ట మీదకి ఒరిగింది.

ఆమె నవ్వి నవ్వి స్టూలు పట్టుకుంది. "ఇప్పుడు మనిద్దరం సమానం" అంది.

మనిద్దరం అన్న మాటని అతను ఇసుక దులుపుకుంటున్నంతసేపూ లోపల దాచుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. వానలో తడిస్తే కడ్డీల కీళ్ళకి గ్రీజు మళ్ళీ పెట్టాలి. దాంతో వారానికోసారి వచ్చే పీత రెండుసార్లు రావడం మొదలుపెట్టింది. తర్వాత ఎండ కాసిన రోజున కూడా వచ్చింది. ఒకనాడు రేకుల మీద వాన దడదడమంటుంటే, ఆమె తడిసిన జుట్టు పిండుకుంటూ ఒక ఫిర్యాదు చేసింది.

"ఈ మధ్య బండి మీ షెడ్డు వైపే లాగుతోంది. ఏంటో చూడండి."

ముందు టైర్లలో ఒకదాంట్లో గాలి తగ్గితే బండి అటే లాగుతుందని అతనికి తెలుసు. కూర్చుని శ్రద్ధగా రెండింట్లోనూ గాలి చూశాడు. మళ్ళీ చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అన్నాడు.

"అయితే తప్పు బండిది కాదేమో" అని ఆమె వానలోనే వెళ్ళిపోయింది.

ఆ మాట అతనికి సాయంత్రం ఆరింటికి అర్థమైంది. చేతిలో ఉన్న స్పానర్ జారి కాలి మీద పడింది. అయినా నొప్పి తెలియలేదు. అర్థం కావడానికి సాయంత్రం ఆరైందని, ఆమె మళ్ళీ వచ్చినప్పుడు ఆమెకే చెప్పుకున్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే తల్లి గుడ్లు కొనడానికి బస్సెక్కింది. తిరిగొస్తూ ఒడిలో రెండు అట్టల గుడ్లు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. పెద్ద కూడలిలో బస్సు ఆగింది. ఎదురుగా ఒక బండి మలుపు తిరుగుతూ, నేలని ముద్దు పెట్టుకుంటుందా అన్నంతగా పక్కకి ఒరిగింది. వెనక కేకుల పెట్టె. పైన కూతురి నీలం చున్నీ. తల్లి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బండి నిటారుగా, హాయిగా వెళ్ళిపోతోంది.

ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది. ఇంటికి పోలేదు. గుడ్లు రెండు చేతులా పట్టుకుని సూటిగా షెడ్డుకి వచ్చింది. కూతురి బండి చూసేది ఇతనేనని తెలుసు కానీ, చూడటం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు, గుడ్లు కింద పెట్టమంటే పెట్టలేదు.

"నాయనా, నువ్వు ఏదైనా గట్టిగా బిగిస్తావటగా. మా అమ్మాయి బండి వదులైపోయింది. పక్కలకి పడిపోతోంది. ఊగకుండా బిగించెయ్. దానికి చెప్పకు. చెప్తే ఒప్పుకోదు."

మెకానిక్ గోడ వైపు చూశాడు. మేకుకి పట్టీ వేలాడుతోంది. రెండు బోల్టులు, పది నిమిషాల పని. ఈవిడ సంతోషంగా వెళ్తుంది. తన మీద మంచి అభిప్రాయం కూడా పెట్టుకుని వెళ్తుంది. ఆ అభిప్రాయం కోసం అతను కొన్నాళ్ళుగా మనసులో చాలా మాటలు కూడబెట్టుకుంటున్నాడు.

"చెయ్యనండీ" అన్నాడు.

"ఏం?"

"ఒకసారి చేశాను. తెలియక చేశాను. ఆవిడ ఆ మలుపు తిరగలేక ఆ ఇసుకలో పడ్డారు. దెబ్బ తగల్లేదు, కానీ పడ్డారు. తప్పు నాది, బండిది కాదు. అది ఒరిగితేనే తిరుగుతుందండీ. ఒరగనివ్వకపోతేనే పడుతుంది."

పడిందా, ఎప్పుడు, నాకెందుకు చెప్పలేదు అని అడుగుతూ తల్లి గుమ్మానికి ఆనుకుంది.

"మీరు బండి అమ్మేస్తారని చెప్పలేదు" అని అతను తల దించుకున్నాడు. "నేను చెప్పానని ఇప్పుడు ఆవిడ నా మొహం చూడరు. మీరడిగింది చేసి మీకు నచ్చాలని నాకు చాలా ఉందండీ. కానీ అలా చెయ్యలేను."

ఆవిడ అతన్ని కొత్తగా చూసింది. "నాకు నచ్చడం నీకెందుకు?"

అతను అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని గుడ్డతో మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

అంతలో మలుపు దగ్గర పీత చప్పుడైంది. ఒరుగుతూ వచ్చి, అమ్మని చూసి, ఉలిక్కిపడ్డట్టు నిటారైంది. కూతురు లాక్ వేసి దిగింది. తల్లి మొహం చూసింది, అతని చేతిలో గుడ్డ చూసింది. సంగతి తెలిసిపోయింది.

"చెప్పేశారా?"

"చెప్పేశాను."

"బిగింపుగారి నోరు ఒక్కటే వదులు" అని ఆమె హెల్మెట్ బల్ల మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మెకానిక్ ఒక గ్లాసులో వేలెడు తక్కువగా నీళ్ళు పోసి, కేకుల పెట్టెలో నడిమధ్యన నిలబెట్టాడు. తల్లి చేతుల్లోని గుడ్లు మెల్లగా అందుకున్నాడు. బండి అమ్మేముందు ఒక్కసారి వెనక కూర్చుని కూడలిదాకా వెళ్ళి రమ్మని బతిమాలాడు. ఆవిడ కూతురి వైపు చూసింది. కూతురు వెనక సీటు తుడిచింది.

"ఒక్కటే గుర్తుంచుకోండి" అన్నాడు. "ఆవిడ ఎటు ఒరిగితే మీరూ అటే. భయమేసి ఎదురు లాగొద్దు."

"నా కూతురికి ఎదురు లాగొద్దని నాకు చెప్తున్నాడు" అంటూనే ఆవిడ ఎక్కి, కూతురి నడుము ఊపిరాడనంతగా పట్టుకుంది.

పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ అతను గుడ్లు ఒళ్ళో పెట్టుకుని, ఇసుక గుట్ట వైపు చూడకుండా కూర్చున్నాడు. మొదటి మలుపులో తల్లి కొయ్యలా బిగుసుకుందనీ, రెండో మలుపులో కళ్ళు తెరిచిందనీ, కూడలి ఒక చుట్టు అయ్యాక ఇంకో చుట్టు తిప్పమందనీ అతనికి తర్వాత తెలిసింది.

ఆవిడ దిగి, ముందు పెట్టె తెరిచింది. గ్లాసు పెట్టినచోటే ఉంది. చుట్టూ తడి లేదు. ఒకసారి వ్యానులో పంపిన మూడంతస్తుల కేకు, పెళ్ళివారింటికి చేరేసరికి ఒక మూలకి జరిగి మోకాళ్ళ మీద కూర్చున్న సంగతి ఆవిడకి గుర్తుంది.

"బండి ఒరుగుతుందంటాడేంటి ఇతను?" అని కూతురిని అడిగింది. "నేను చూశాను కదా. ఒరిగింది వీధి."

"అమ్మా, బండి అమ్మేస్తావా?"

"బండి మీంచి పడితే అన్నాను. ఇతను పట్టీ వేశాక అది బండి ఎలా అవుతుంది? ఇనుప కుర్చీ. కుర్చీలోంచి పడ్డది లెక్కలోకి రాదు."

కూతురు తల్లి భుజం మీద మొహం పెట్టుకుంది. తల్లి ఆమె జుట్టు సవరించింది. పడ్డ రోజు ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని అంతలోనే మోచేతులు కూడా తిప్పి చూసింది. ఆ తర్వాత మెకానిక్ వైపు తిరిగి, గోడ మీదున్న పట్టీ ఇమ్మంది.

అతను ఒకసారి బండి వైపు చూసి, మేకు మీంచి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బరువు చూసి, తన సంచిలో వేసుకుంది.

"మా గేటు గాలికి కొట్టుకుంటోంది నాయనా. అది ఊగకూడదు. ఆదివారం పొద్దున్నే వచ్చి బిగించి వెళ్ళు. భోజనం మా ఇంట్లోనే."

గుడ్లు తీసుకుని, బస్సు వద్దంటూ ఆవిడే వెళ్ళి బండి వెనక సీటెక్కి కూర్చుంది. కూతురు హెల్మెట్ పెట్టుకోడానికి బల్ల దగ్గరికొచ్చింది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"గేటు బందులు పోయాయా, స్క్రూలు పోయాయా? ఏ సామాను తెచ్చుకోను?"

"మా గేటు నిరుడు పెట్టించాం. వెంట్రుకంత కూడా ఊగదు."

"మరి పట్టీ ఎందుకండీ?"

ఆమె హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ అతన్ని జాలిగా చూసింది. "సాయంత్రం ఆరింటికి అర్థమవుతుందిలెండి" అంది.

బండి కదిలింది. మలుపు దగ్గర తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి ఎడమకి ఒరిగారు. వాళ్ళు కనుమరుగు కాకముందే అతనికి అర్థమైపోయింది. గడియారం చూశాడు. నాలుగున్నరే అయింది.