ఎడమ కాలి జోడు

రెండొందల ఏళ్ళ నాటి ఆ చెక్క ఇంట్లో వేడిగాలి గొట్టాలు వేయడానికి సందు లేదు. అందుకే మిసెస్ థేయర్ మేడ మీద గదికి గోడ ఏసీ పెట్టించుకుంటోంది. చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం. మసాచుసెట్స్‌లో పాత ఇళ్ళలో ఆ పనికి రెనీ పెట్టింది పేరు. పనిమంతుడే, కానీ ఒకరి మాట చెవిన పెట్టడు.

నిన్న రాగి గొట్టం కోసం గోడకి కన్నం వేస్తుంటే, గుర్రపు వెంట్రుకలు కలిపిన సున్నం పెళ్ళలతో పాటు చిన్నపిల్లల తోలు జోడొకటి ఊడిపడింది. ఎడమ కాలిది.

“అక్కడే పెట్టెయ్ నాయనా,” ముసలావిడ గాభరాపడింది. “ఇల్లు కట్టినవాళ్ళు దాచారు. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి వచ్చేది ఆ జోడు దగ్గరే ఆగిపోవాలని.”

“ఆగి ఏం చేస్తుందమ్మా, కాఫీ తాగుతుందా? గొట్టానికే చోటు లేదిక్కడ!” అని నవ్వి, దాన్ని కూతురికి చూపించడానికి పట్టుకెళ్ళాడు. తల్లి లేని ఆరేళ్ళ నోయెల్ అంటే అతనికి ప్రాణం. ఆ పిల్ల జోడు తొడుక్కుని ఇల్లంతా ఒంటికాలితో గెంతింది.

ఇవాళ కన్నం చుట్టూ సందులు పూడిస్తే పని అయిపోతుంది. జనవరి, నాలుగింటికే చీకటి. గదిలో పాత బూడిద వాసన. బయట మంచు చప్పుడు లేకుండా పడుతోంది.

టక్.

గోడ లోపల... పైనుంచి.

టక్... టక్...

ఒంటికాలితో గెంతుతున్నట్టు. కన్నం దాకా వచ్చి ఆగింది.

ఎలుకలే అనుకుని టార్చి వేశాడు. గొట్టం పక్కన, మంచులో వేసుకునే చిన్న ఎర్ర బూటు. ఎడమ కాలిది. లోపలి అంచున ‘నోయెల్’ అని... తన చేతిరాతే.

 ఇంట్లో నోయెల్‌ని చూసుకునే తన తల్లికి ఫోన్ చేశాడు.

“అమ్మా... నోయెల్ వచ్చిందా?”

“బస్సు దిగిందిరా, కిటికీలోంచి చూశాను.” అంది రెనీ తల్లి. “గెంతుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. తలుపు తీసేసరికి...”

“తీసేసరికి?”

“లేదురా. మంచులో అడుగులున్నాయి. అన్నీ కుడికాలివే...”

వెనక గుమ్మంలో మిసెస్ థేయర్ నిలబడి ఉంది.

“ఆ జోడు ఇప్పుడే తెచ్చి పెట్టేస్తానమ్మా...”

“ఇంకెందుకు నాయనా,” అందావిడ, కన్నం వంక చూడకుండా.

రెనీ బూటు బయటికి లాగాడు. లోపల మేజోడు ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున తను కూర్చోబెట్టి కట్టిన లేసు... రెండు ముళ్ళూ విప్పకుండా అలాగే ఉన్నాయి.