సావు డప్పు రికార్డింగు

పక్క ఫ్లాటులో గోడకు డ్రిల్లు పెట్టారు. వంటగదిలో గ్లాసులు వణుకుతున్నాయి కాబట్టి కొమురేశుకు ఆ సంగతి తెలిసింది. లేకపోతే తెలిసేది కాదు. చెవి వెనక ఎముకకు అతుక్కుని కూర్చున్న చెవిపూస ఏ చప్పుడునూ లోపలికి రానివ్వదు. మనిషి మాటను మాత్రం ఏరుకుని, చెవితో పని లేకుండా తిన్నగా నరానికి అందిస్తుంది. హారన్లు, కుక్కలు, మైకులు, ఉరుములు అన్నీ పోయాయి. అందరూ పూసలు పెట్టుకున్నాక వరంగల్లు జనం హాయిగా నిద్రపోతున్నారని సర్కారు చెప్పుకుంటుంది. నిజమే. పండగ పూట కూడా నిద్రపోతున్నారు.

"ఆ బొంత ఇటు గుంజు," అన్నాడు కొమురేశు.

అతని భార్య సరూప మంచమెక్కి బొంత కొసను కిటికీ ఊచకు ముడివేసింది. "సచ్చినంక కొట్టాల్సిన డప్పు బతికుండంగ కొట్టుకునుడు మా ఇంట్ల ఎవ్వలు సూడలే."

"మీ ఇంట్ల సచ్చినోళ్లకు కొట్టెటోళ్లు ఉండిరి. నాకెవలున్నరే?"

మొన్న చలికాలంలో కొమురేశు పెదనాన్న కొడుకు రాజమల్లు పోయాడు. చుట్టుపక్కల ఎన్ని పాడెలనో డప్పుతో సాగనంపిన చెయ్యి అది. అతని పాడె ముందు మాత్రం డప్పు లేదు. కొట్టినా వినేవాళ్లెవరని కొడుకులే అన్నారు. రేషనుకు పోయినట్టు పోయి పూడ్చి వచ్చారు. ఆ రోజు నుంచి కొమురేశుకు ఒకటే పట్టుదల: తన పాడె లేచే నాటికి తన సావు డప్పు తానే కొట్టి ఉంచుకోవాలి. వచ్చినవాళ్ల చేత ఆ కాసేపు పూసలు తీయించే పూచీ సరూపది.

సరంజామా ఏముంది? పాత సెల్‌ఫోను, నాలుగు బొంతలు, ఒక ఉన్ని సాక్సు. ఫోను దగ్గరుంటే డప్పు గొంతు పగిలినట్టు వస్తుంది, దూరముంటే డప్పు కన్నా గదే ఎక్కువ మోగుతుంది. అందుకని ఫోనును సాక్సులో దూర్చి, బట్టలారేసే తీగకు వేలాడగట్టి, చుట్టూ బొంతలు దించాడు. డప్పు మాత్రం ఒక్కటే. ఇంకోటి కట్టించుకుందామంటే తోలు లేదు. మాంసం ఇప్పుడు తొట్లలో పెరుగుతోంది. దానికి తోలూ ఉండదు, అరుపూ ఉండదు.

బాల్కనీలో ఇనుప బాండ్లిలో కొబ్బరి పీచు అంటించాడు. డప్పు కాగితేనే పలుకుతుంది. ఎంత కాగిందో చెప్పవలసింది చెయ్యి కాదు, చెవి. కాచాలి, వేలితో మీటాలి, వినాలి. మొద్దుగా పలికితే మళ్లీ కాచాలి; కంగుమంటే ఆపాలి.

ఫోనులో రికార్డు నొక్కి వచ్చాడు. "ఇగ పూసలు తీద్దమా?"

"తియ్యి. జెరసేపు ఏమినవడదట. చెవులు తెరుసుకోవాల్నట, మీదింటామె చెప్పింది."

పూస తీయగానే లోకం నీళ్లలో మునిగినట్టయింది. కాసేపటికి సరూప చటుక్కున చెవులు మూసుకుని, పక్కింటి గోడను చూపించి నవ్వింది. ఏదో అంది కూడా. ఆడవాళ్ల చెవులు తొందరగా తెరుచుకుంటాయేమోలే అనుకున్నాడు.

డప్పును మంట మీద తిప్పి మీటాడు. ఏమీ లేదు. మళ్లీ తిప్పాడు, మళ్లీ మీటాడు. తోలు అరచేతికి చురుక్కుమంటోంది గాని పలుకు లేదు. ఏళ్ల తరబడి మూలన పడున్న తోలు, చెమ్మ అంత తొందరగా వదులుతుందా అనుకుని మంట ఎగదోశాడు. సరూప భుజం తట్టింది. డప్పు కాచేవాణ్ణి ముట్టుకోకూడదన్నది వాళ్ల కట్టుబాటు. విసురుగా భుజం దులుపుకుని అటు తిరిగాడు.

తోలు నడిమధ్యన సన్నటి గీత కనిపించింది. చూస్తుండగానే అంచు దాకా పాకి, రెండు పక్కలకూ ముడుచుకుపోయింది. అంత తోలు అంత నిమ్మళంగా చీలడం అతడు ఎన్నడూ చూడలేదు.

వెనక్కి తిరిగాడు. సరూప నోరు ఆడుతోంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

కొమురేశు డప్పు కొట్టే సిర్రపుల్ల తీసుకుని బాండ్లి అంచు మీద బలంగా కొట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. సరూప చెవులు మూసుకుంది. అతడు ఇంకోసారి కొట్టలేదు.

పడుచుతనమంతా డప్పు పక్కనే గడిచిన చెవులు. అవి ఏ ఏడు పోయాయో ఎవరికి తెలుసు? పూస మాటను అందిస్తూనే ఉంది. చెవి పోయిందని చెప్పే పని దానికి ఎవరూ పెట్టలేదు.

పూసలు పెట్టుకుని ఇద్దరూ గడప మీద కూర్చున్నారు.

"ఎప్పటి సంది?" అంది సరూప.

"నాకేమెరుక? ఇయ్యాల్నే అనుకో." చీలిన డప్పు కేసి చూస్తూ అడిగాడు, "పలికిందా?"

ఆమె ఫోను తెచ్చి, తన పూస మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఇందాకటి రికార్డింగు మోగించింది. అతని పూస తన పని తాను చేసింది. కాగిన తోలు పలుకును ఏరి పారేసి మనిషి మాటను అందించింది.

"అబ్బ... పలుకుతున్నదయ్యా. ఎన్కటి లెక్కనే పలుకుతున్నది... సాలు... ఆపిగ... ఓయయ్యా, పలుకుతున్నదంటె ఇంటలేవా? ఆపూ..."

మాటకూ మాటకూ నడుమ ఖాళీలు. ఒక్కో ఖాళీలో సరూప తల మెల్లగా ఊగుతోంది. అతడు ఆ తలనే చూస్తూ కూర్చున్నాడు.

"తీసెయ్యాల్నా?" అంది. "దీంట్ల డప్పెంతుంది, అన్ని నా కూతలే."

"ఉండనియ్. నా పాడె ముందట ఇదే పెట్టు."