భద్రపరచని ఎనిమిదేళ్ళు

కాకినాడ ఆటశాలలో ఆ ఉదయం నలభైమంది అమ్మాయిలు ఒకే మనిషి చేత్తో ఆడుతున్నారు. అందరి కుడిచేతులకూ అభ్యాస తొడుగులున్నాయి. అందరి బ్యాట్లూ ఒకే కోణంలో లేచి, ఒకే చప్పుడుతో షటిల్‌ను కొడుతున్నాయి. ఇప్పుడు వంటకూ మగ్గానికీ కూడా ఇలాంటి తొడుగులే. నిపుణుల చేతి కదలికను దాచుకుని, వేసుకున్నవారి కండరాలకు నేర్పుతాయి. ఈ తొడుగుల్లో ఉన్నది కొరియా క్రీడాకారిణి ఓ మిన్‌సుక్ చేయి. కొత్త విజేతలు వచ్చాక మిగతా ఊళ్ళన్నీ ఆమె తొడుగులను పక్కన పెట్టేశాయి. ఇక్కడి శిక్షకురాలు వకుళ మాత్రం మార్చనివ్వలేదు.

ఆ మిన్‌సుక్ ఇప్పుడు గోడవార బల్లమీద కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడిచేయి నడుము దాటి లేవడం లేదు. కండరంలో ప్రాణముందనీ, దారి మరిచిపోయిందనీ వైద్యులన్నారు. తన చేయే తనకు మళ్ళీ నేర్పుతుందేమోనని ఆమె ఇంత దూరం వచ్చింది.

వకుళ తొడుగు కట్టింది. అది మిన్‌సుక్ చేతిని ఒక్క ఉదుటున పైకి లాగింది. ఆమె మూలిగింది. ఎర్రదీపం వెలిగి తొడుగు దానంతటదే ఊడిపోయింది.

"నన్ను ఓడించినవాళ్ళు చాలామందే ఉన్నారు," అంది మిన్‌సుక్. ఇద్దరి చెవుల్లోనూ మాటపూసలున్నాయి; వకుళది ఆ కొరియా మాటను తెలుగులో వినిపించింది. "నా చేతిలో నేనే ఓడటం ఇదే మొదలు."

వకుళకు నవ్వు రాలేదు. "అది మీ ఇరవయ్యేడేళ్ళ చెయ్యండీ, గురువుగారూ. దానికి తొందరెక్కువ. నా భుజం పాడయ్యాక నన్నూ ఇలాగే విసిరేసింది. ఏం చేస్తానండీ, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని తీసి పక్కన పడేశాను. నాకు తోచినట్టు మెల్లిగా ఆడుకుంటున్నాను."

"ఏదీ, చూపించు."

వకుళ మోచేతిని పక్కటెముకలకు ఆనించింది. ఎడమపాదం మీదికి బరువు మార్చి నడుము తిప్పింది. భుజానికి పనిపెట్టకుండా, ఆ తిరుగుడుకే చేయి పైకి తేలింది.

మిన్‌సుక్ లేచి నిలబడింది. "ఇది నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. నొప్పే నేర్పింది."

"భుజం చెడ్డాక ఎనిమిదేళ్ళు నేనూ ఇలాగే ఆడాను. దాదాపు అన్నీ ఓడాను. తొడుగులు చేసినవాళ్ళు నేను గెలిచిన ఏళ్ళే భద్రపరిచారు. మిగతావి అక్కర్లేదన్నారు. చివరికి నేనూ మరిచిపోయాను."

దేవుడిచ్చిన బతుకులో ఏది దాచదగినదో మనమెలా తేలుస్తామని వకుళకు అనిపించింది. మిన్‌సుక్ వెనక నిలబడి ఆమె మోచేయి పట్టుకుంది.

పది రోజులు అలాగే పట్టుకుంది. పదకొండో ఉదయం వదిలేసింది. మిన్‌సుక్ పాదం మార్చింది. నడుము తిరిగింది. చేయి వణుకుతూ నడుము దాటింది, భుజం దాటింది, తలపైకి వెళ్ళి నిలిచింది. కోర్టుల్లో చప్పుడు ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ మీ చేత్తోనే అన్నం తిన్నానండీ," అంది వకుళ కళ్ళొత్తుకుంటూ. "ఇక దించండి, నొప్పెడుతుంది."

"ఉండనీ," అంది మిన్‌సుక్. "ఓడిన చెయ్యి పైకెత్తడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపు చూసుకోనీ."