క్లీనర్ సీటులో తీపి వాసన

కొండ దారి ఎక్కడం అయిపోయి, దిగడం మొదలయ్యే చోట ఒక పాత చెక్‌పోస్టు గది ఉంది. గేటు కర్రని ఎవరో ఊడబీక్కుపోయారు. తలుపుల్ని ఇంకెవరో మోసుకుపోయారు. గోడల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు... అందులో ఎవరో ఉన్నారని.

ఎవరంటే తెలీదు. చలికాలపు రాత్రి, లారీ కోసం ఎదురుచూస్తూ ఆ గుమ్మంలోనే కొయ్యబారి ప్రాణం వదిలారట. అప్పట్నుంచీ వచ్చేపోయే లారీలెక్కి కాళ్ళు వెచ్చబెట్టుకుంటారట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ మా ఊళ్ళో చూసినవాళ్ళకంటే చూడనివాళ్ళే బాగా వర్ణిస్తారు. అలా ఆ గదికి చెడ్డపేరు స్థిరపడింది.

ఇది సింహానికి జరిగింది. సింహమంటే మా ఊరి లారీ డ్రైవరు. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. మీద బల్లి పడితే కేబిన్లోంచి కిందికి దూకిన రోజున స్టాండులో వాళ్ళు పెట్టింది. లారీ ఆగి ఉండబట్టి సరిపోయింది.

అతని లారీ పాతది. పెళ్ళికంటే ముందు నుంచీ ఉంది. చెప్పిన మాట వింటుంది. లారీకీ పెళ్ళానికీ ఉన్న తేడా అదే అంటాడు... ఇంటికి దూరంగా ఉన్నప్పుడు.

చలి ముదిరిన ఒక రాత్రి, ఒంటరిగా, లోడుతో ఆ గది దగ్గరికొచ్చాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. హీటర్ మీట తిప్పాడు. గది దాటాడు.

కాసేపటికి అద్దం మసకబారింది.

బయటి మంచు కాదు. లోపలివైపు. తుడిచాడు. మళ్ళీ కమ్ముకుంది. పక్కసీట్లో ఎవరో కూర్చుని, నోరు తెరిచి, మెల్లగా ఊపిరి వదులుతున్నట్టు...

తర్వాత వాసన. తీయగా. పువ్వు కాదు, అత్తరు కాదు. పంచదార పాకం లాంటిది. చెయ్యి చాపి క్లీనర్ సీటు కింద తడిమాడు. తడి. వెచ్చటి తడి!

సింహం వెనక్కి చూడలేదు. పక్కకి కూడా చూడలేదు. కొండ కిందికి దిగాక రేడియేటర్ చూస్తే బిందెడు నీళ్ళు తక్కువ. లారీ కింద నేల మాత్రం పొడిగా ఉంది, ఒక్క చుక్క లేదు.

మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అంతే. ఆ గది దగ్గరే మొదలు. ఎక్కుతున్నారు, కాళ్ళు చాపుకుంటున్నారు, బిందెడు నీళ్ళు తాగి దిగిపోతున్నారు.

ఇంతవరకూ అతని తప్పేం లేదు. తప్పు ఇంటికెళ్ళి భార్యకి చెప్పడం.

ఆవిడ దుప్పటి మడతపెడుతూ వింది.

"అద్దం లోపలివైపు మసకబారిందా?"

"అవునే. పక్కనెవరో ఊపిరి వదిలినట్టు."

"తీపి వాసనా?"

"కేబినంతా!"

"సీటు దగ్గర వెచ్చగా ఉందా?"

"చేత్తో తడిమి చూశాగా!"

మడత ఆగిపోయింది.

"పేరేంటి?"

"దెయ్యాలకి పేర్లుంటాయటే?"

"నేను దెయ్యం సంగతి అడగలేదు."

సింహానికి అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. నిజం చెప్పినకొద్దీ ఉచ్చు బిగిసింది. ఆవిడ లాంతరు పట్టుకుని లారీ ఎక్కి మరీ చూసింది. క్లీనర్ వైపు అద్దం మీద వేళ్ళ గుర్తులు. మనవాడివే, తుడిచినప్పటివి. కానీ వేళ్ళకి ముఖాలుండవు కదా.

"రేపు నేనూ వస్తాను," అంది దిగుతూ. "దెయ్యమే అయితే నా ముందూ రావాలి. రాలేదో... నువ్వు ఆ లారీలోనే కాపురం పెట్టుకో. నేను మా అమ్మ దగ్గరికి పోతాను. ఇక తిరిగి రాను."

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. ఊరందరికీ తెలుసు, మనవాడికి ఇంకా బాగా తెలుసు. ఆ రాత్రి సింహం నిద్రపోకుండా కనిపించని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు... దెయ్యం తప్పకుండా రావాలని.

మర్నాటి రాత్రి ఆవిడ క్లీనర్ సీట్లో కూర్చుంది. కొండ ఎక్కుతున్నంతసేపూ లారీ గేర్లు మూలుగుతున్నాయి.

గది వచ్చింది. నల్లగా, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

గది వెళ్ళిపోయింది.

ఏమీ జరగలేదు.

"ఏదీ?" అంది ఆవిడ.

"వస్తుంది... కాస్త ఆగు."

"ఎప్పుడు, నేను దిగిపోయాకనా?"

సింహం బస్సు తప్పిపోతున్నవాడిలా అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. ఆవిడ చీర కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"చలేస్తోంది. ఆ హీటరేదో తిప్పు."

తిప్పాడు.

కొంత దూరం పోయారు... అద్దం మూల తెల్లబడింది. తెలుపు పాకింది. ఆవిడ కళ్ళ ముందే, మెల్లమెల్లగా, అద్దమంతా. అప్పుడు వచ్చింది వాసన. తీయగా. ఆవిడ మెడ పక్కనుంచి. ఆ వెంటనే కాలి బొటనవేలికి వెచ్చగా ఏదో తగిలింది.

"ఏవండీ..." అంది గుసగుసగా.

పెళ్ళయిన కొత్తలో తప్ప ఆవిడ మనవాణ్ణి 'అండీ' అన్నది లేదు.

"చూశావా!" అని అరిచాడు సింహం, పోయిన పరువు దొరికినవాడిలా. "వచ్చింది! నేను చెప్పలేదూ? వచ్చిందే!"

కానీ ఆవిడలో భయంకంటే అనుమానం వయసులో పెద్దది. చెయ్యి చాపి మీట వెనక్కి తిప్పింది. అద్దం తేటపడసాగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెల్లబడింది. మూసింది. తెరిచింది.

"నీ దెయ్యం మీట తిప్పితే వస్తోంది. మీట తిప్పితే పోతోంది," అంది. 'అండీ' పోయింది. "ఇదెక్కడి దెయ్యం?"

ఇంతలో ఇంజన్ వేడి ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకింది. పక్కకి ఆపాడు. దిగి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఆగు! పొంగే కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా?"

చల్లారేదాకా చీకట్లో పక్కపక్కనే కూర్చున్నారు. కాపురం ఉంటుందో ఊడుతుందో తేలని ఇద్దరు మాట్లాడుకోవడానికి ఏముంటుంది. చల్లారాక నీళ్ళు పోసి, హీటర్ మూసి, కొండ దిగారు.

"మా తమ్ముడి షెడ్డుకి పోనీ," అంది ఆవిడ. "ఏదైనా వాడే తేల్చాలి."

తమ్ముడు మెకానిక్. బావ తప్పు దొరికితే వాడికి టీ అక్కర్లేదు. తెల్లారి అంతా విని, పడీపడీ నవ్వాడు.

"దెయ్యానికి కిరాయి తీసుకున్నావా బావా? అక్కా, హీటరంటే ఏంటనుకున్నావు, చిన్న రేడియేటర్. ఇంజన్లో కాగిన నీళ్ళే దీన్లోకొస్తాయి. దానికి చిల్లు పడింది. మీట మూసి ఉంటే నీళ్ళు రావు, కారవు. తెరిచావా... ఆవిరి అద్దానికి, నీళ్ళు నీ కాళ్ళకి. అన్నీ మ్యాటు కిందే ఇంకుతుంటే నేల మీద చుక్కెక్కడ పడుతుంది?"

"మరి ఆ గది దగ్గరే ఎందుకురా?" అన్నాడు సింహం.

జవాబు ఆవిడే చెప్పింది. "చలి మొదలయ్యేది అక్కడే. నువ్వు మీట తిప్పేదీ అక్కడే."

"మరి వాసన?" అంది తమ్ముడి వైపు తిరిగి.

"కూలెంట్ అక్కా, ఇంజన్ కాగిపోకుండా రేడియేటర్ నీళ్ళలో కలిపే మందు. వేడెక్కితే తీయగానే ఉంటుంది. పాత లారీల్లో మామూలే."

రేడియేటర్ మూతి దగ్గర చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. హీటర్ మీట తెరవగానే పంపు మీద గాలి ఒత్తిడి చూపే ముల్లు జారిపోవడం మొదలుపెట్టింది. మ్యాటు లేపితే కింద బురదమడుగు. ఈ లారీకి హీటర్లు ఇప్పుడు దొరకవని, ఇంజన్ నుంచి దానికి వెళ్ళే గొట్టాన్నీ తిరిగొచ్చే గొట్టాన్నీ ఊడదీసి, ఒకదానికొకటి కలిపి, క్లిప్పులు బిగించాడు. మళ్ళీ గాలి కొట్టాడు. ముల్లు కదల్లేదు.

"నీళ్ళిక హీటర్ ముఖం చూడవు. చలేస్తే దుప్పటి కప్పుకో బావా."

ఆవిడ లారీ ఎక్కి, కొంగుతో అద్దం మీది వేళ్ళ గుర్తులు తుడిచేసింది. మా ఊరి ఆడవాళ్ళు క్షమాపణ చెప్పడమంటే అదే. సింహం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"నన్ను అనుమానించింది," అన్నాడు బామ్మర్దితో, అందరికీ వినపడేలా. "నన్ను!"

"సర్లే బావా. ఈ పాత కూలెంట్ పారబోసి కొత్తది పోద్దాం." బామ్మర్ది లారీ కింద రేకు తొట్టి పెట్టి పడుకున్నాడు. "ఇంతకీ నువ్వు వాడేది ఆకుపచ్చదా, ఎర్రదా?"

"కూలెంటా?" అన్నాడు సింహం. "అదెప్పుడు పోశాను? కొన్నప్పట్నుంచీ పంపు నీళ్ళేగా."

తొట్టిలోకి నీళ్ళు పడుతున్నాయి. తుప్పు రంగు నీళ్ళు. బామ్మర్ది వేలు ముంచి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. తొట్టి అక్క వైపు జరిపాడు. ఆవిడ వంగి చూసింది. పాత ఇనప బకెట్ వాసన. అంతే.

"మరి..." అన్నాడు బామ్మర్ది, బావ వైపు తిరిగి, "రాత్రి ఆ తీపి వాసన?"

సింహం ఒక అడుగు వెనక్కి వేశాడు. బామ్మర్ది చేతిలో పెద్ద రెంచి ఉంది. దానికంటే పెద్దది ఆవిడ చూపు.

"నీకూ వచ్చింది కదే..." అన్నాడు, బతిమాలుతూ. "నీ ముందే వచ్చింది కదే..."

ఆవిడ తొట్టిలో వేలు ముంచి ఇంకోసారి వాసన చూసింది. తర్వాత ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకుంది.

"అవును. నేనుండగానే వచ్చింది. కేబిన్లో మనిద్దరమే. అంటే మనిషి కాదు." గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మయ్య... దెయ్యమే!"

తమ్ముడి చేతిలో రెంచి కింద పడింది. ఆవిడ పట్టించుకోలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని నవ్వుతూ లారీ దగ్గరికి నడిచి, క్లీనర్ సీటు తలుపు తెరిచి... ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది. లోపల ఖాళీ సీటు వైపు చూసింది.

"ఏవండీ," అంది మెల్లగా. "ఆ గదిలో పోయినవాళ్ళు... ఆడా, మగా?"