పురిటికొచ్చిన పిట్టలు

కార్తీకమాసం, ఆదివారం. పలాసలో సుభద్ర కుంపటి ముందు కూర్చుని కాఫీ కలుపుతుంటే, కూతురు హైమవతి వంటింటి గడప మీద చతికిలబడి చల్లగా ఓ మాట చెప్పింది.

"అమ్మా, ఈసారి వనభోజనాలకి మావయ్య ఊరెళ్దాం. పాసింజరెక్కి నౌపడలో దిగి, అక్కణ్ణుంచి బండి. తేలినీలాపురం చింతచెట్ల నిండా పిట్టలేనట! మా క్లాసులో అందరూ చూసొచ్చారు. మావయ్య ఊరు పెట్టుకుని నేనే చూళ్లేదు."

సుభద్ర కాఫీ కలపడం ఆపి మొగుడి వైపు చూసింది. వసారాలో నరసింహమూర్తి పేపరు దించలేదు గానీ, పేజీ తిప్పడం మానేశాడు.

"పులిహోర నేను కలుపుతాను," అంది అత్తగారు దుర్గాంబ హుషారుగా. "జీడిపప్పు దండిగా పడాలి. పలాసలో ఉండి పప్పు దగ్గర పిసినారితనమేటి?"

"మీరు వెళ్లిరండి. నేను రాను," అన్నాడు నరసింహమూర్తి.

"మీరు లేకుండా నేనూ వెళ్లను," అంది సుభద్ర.

ఆ ఇంట్లో అది పాత పాటే. పెళ్లైన ఏడాది దీపావళికి కొత్తల్లుడు నరసింహమూర్తి సరదాగా అత్తవారి వాకిట్లో టపాకాయల దండ వెలిగించాడు. ఏటా చలికాలం వచ్చే ఆ గూడబాతులూ కొంగలూ పురిటికొచ్చిన ఆడపిల్లలని ఆ ఊరి నమ్మకం. అవి ఉన్నన్నాళ్లూ అక్కడ టపాకాయ పేలదు. ఆ సంగతి అల్లుడికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తెల్లారి చూస్తే చెట్ల కింద పగిలిన గుడ్లు. సుభద్ర అన్న కూర్మనాథం పదిమందిలో నోరు జారాడు. "చదువుకున్నవాడివి, బుద్ధుండక్కర్లా?"

అల్లుడు ఆ పూటే బయల్దేరాడు. తర్వాత కూర్మనాథం చెల్లెల్ని పురిటికి తీసుకెళ్తానని వస్తే, గుమ్మంలోంచే పంపేశాడు.

"అలకపాన్పు మీద ఇన్నేళ్లు పడుకున్న అల్లుణ్ణి నిన్నే చూశాన్రా," అంది దుర్గాంబ.

"సుభద్రని వెళ్లమనే అంటున్నాగా అమ్మా! నేనేమైనా కట్టేశానా?"

అంతే, సుభద్ర ఇన్నేళ్లూ దిగమింగుకున్నది కాస్తా పైకొచ్చింది.

"కట్టెయ్యలేదు. కానీ ఆ పిట్టలు ఏ దేశాన్నుంచో పురిటికొస్తున్నాయండీ. నేను రెండు స్టేషన్ల అవతలున్న పుట్టింటికి వెళ్లలేకపోయాను. అమ్మ లేనిదాన్ని, వదినే పురుడు పోస్తానంది. హైమ పుట్టినప్పుడు నొప్పుల్లో ఎవర్ని పిలిచానో అత్తయ్యగారిని అడగండి."

దుర్గాంబ కళ్లొత్తుకుంది. నరసింహమూర్తి పేపరు మడిచి, చాలాసేపు దాని మడతలే సరిచేశాడు.

"మీ అన్న మాట ఎప్పుడో మర్చిపోయాను సుభద్రా," అన్నాడు చివరికి. "మరుపు రానివి ఆ గుడ్లు. మళ్లీ ఆ చెట్ల కిందికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

సుభద్ర నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లూ రోషమనుకున్నది సిగ్గని ఆమెకి ఇప్పుడే తెలిసింది. పిచ్చి మనిషి, ఒక్కసారి చెబితే ఏం పోయేది! దగ్గరకెళ్లి ఆయన చేతిలోంచి పేపరు తీసేసి, "పదండి, ఇద్దరం కలిసే వెళ్దాం," అంది.

ఆ పై ఆదివారం నౌపడలో ఎక్కిన ఎద్దుబండి ఊరి మొదటికి రాగానే నరసింహమూర్తి ఆపించాడు. ఎద్దుల మెడలో గంటలు విప్పించాడు. తన కిర్రుచెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడక సాగించాడు. చింతచెట్లు కొమ్మ కనబడకుండా పిట్టలతో తెల్లబడి ఉన్నాయి. సుభద్రకి చిన్ననాటి పొద్దులన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి.

ఎదురొచ్చిన కూర్మనాథం జుట్టు నెరిసిపోయింది. బావ చేతిలో చెప్పులు చూసి గబగబా దగ్గరికొచ్చాడు.

"తొడుక్కో బావా, ముళ్లున్నాయి."

"చప్పుడవుతుందేమోనని..."

"అవి మరుసటేడే వచ్చేశాయి బావా. రానిది నువ్వే."

నరసింహమూర్తి తల దించుకుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికే వదిన కాళ్లకి నీళ్లిద్దామని చెంబుతో వాకిట్లోకి వచ్చింది. సుభద్రనీ, పక్కన తనంత ఎత్తున్న హైమనీ మార్చి మార్చి చూసింది.

"ఏటే సుభద్రా, పురిటికి రమ్మంటే పిల్ల పరికిణీలో నడిచొచ్చేదాకా ఆగావా?"

సుభద్ర ఆమె భుజం మీద వాలిపోయింది. తనివితీరా ఏడ్చింది, చెట్ల మీది బాలింతలు ఉలిక్కిపడకుండా, చీర కొంగు నోట్లో కుక్కుకుని.