బోర్లించిన నీళ్ళ డబ్బా

గొంతు వాడకపోతే తుప్పు పడుతుందని ఆ అమ్మాయికి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చిన మూడో వారంలో తెలిసింది. పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా కొత్త పుస్తకాలకి నంబర్లు అతికించడం పని. చుట్టూ "నిశ్శబ్దం" అని బోర్డులు. ఐదు దాటితే అద్దె గది. అందులో ఒక మంచం, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంతవరకూ ఇంకో మనిషి రాలేదు.

సాయంత్రాలు అమ్మ ఫోన్ చేసేది.

"గొంతేంటే అలా ఉంది? జలుబా?"

"లైబ్రరీలో మాట్లాడకూడదమ్మా."

"బయటికొచ్చాక మాట్లాడొచ్చుగా!"

ఎవరితో? ఆ మాట మాత్రం అమ్మతో అనలేదు. నేను ఒక నాలుగు రోజులు కనబడకపోతే ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుందా అని మాత్రం రోజూ అనుకునేది. తెలియదని తనే జవాబు చెప్పుకునేది.

అందుకే, క్యాంపస్ తోటలో మడులు ఇస్తున్నారని నోటీసు చూడగానే పరిగెత్తుకెళ్ళి పేరిచ్చేసింది. ఇద్దరికి కలిపి ఒక మడి. తోట చూసుకునే పెద్దాయన, రిటైరైన బోటనీ మాస్టారు, పక్కన నిలబెట్టి రూల్సన్నీ ఓపిగ్గా చెప్పాడు. పాపం, ఒక మనిషి తనతో పది నిమిషాల పాటు మాట్లాడుతున్నాడన్న సంతోషంలో ఈ పిల్ల ఒక్క ముక్కా వినలేదు. అన్నిటికీ తలూపింది.

దాని ఫలితం తొమ్మిదో రోజు తెలిసింది. శనివారం, ఒంటిపూట. చేతిలో కుళ్ళిన చిక్కుడు మొలక పట్టుకుని ఒకతను మడి గట్టు మీద కాపు కాస్తున్నాడు.

"పదిహేడో నంబరు మీదేనా?"

"అవునండీ."

"నేను మీ రెండో సగం."

ఆ మాట ఎటు పోయిందో అర్థమై అతనే గతుక్కుమన్నాడు. "అంటే, మడిలో. పొద్దున పూట నాది. కెమిస్ట్రీ వాళ్ళ గాజు వర్క్‌షాపులో పని చేస్తాను, పగిలిన ఫ్లాస్కులవీ అతికిస్తుంటాను. అది సరేగానీ, రోజూ నేను నీళ్ళు పోశాక మళ్ళీ ఎందుకు పోస్తున్నారు?"

"మీరు పోశారని నాకెలా తెలుస్తుందండీ?"

"డబ్బా బోర్లించి పెడుతున్నాగా!"

"దుమ్ము పడకుండా బోర్లించారనుకున్నా!"

అతను డబ్బా తీసి చూపించాడు. "నీళ్ళు పోసినవాళ్ళు డబ్బా బోర్లించాలి. రెండోవాళ్ళు వచ్చి, కలుపు తీసి, దాన్ని నిలబెట్టి వెళ్ళాలి. ఈ తోటలో అందరికీ తెలిసిన లెక్క. పెద్దాయన చెప్పలేదా?"

"చెప్పారు. నేను వినలేదు."

ఇంత నిజాయితీకి ఎవరైనా ఏమంటారు? అతను విసుక్కుంటూ ఐదింటి బస్సుకి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరికి అదే ఆఖరి బస్సు.

మర్నాడు డబ్బా కింద ఒక చీటీ కనబడింది. "వరదగారూ, కొత్త గింజలు నాటాను. దయచేసి ఈదడం నేర్పకండి." ఆ అమ్మాయి ఒళ్ళు మండిపోయి, దాని వెనకే జవాబు రాసింది. "అలాగే సూపరింటెండెంటుగారూ. మీరు కలుపు అనుకుని పీకేసింది నా కొత్తిమీర."

అలా మొదలైంది. అతను బోర్లిస్తాడు, తను నిలబెడుతుంది. కింద రోజూ ఒక చీటీ. శనివారాలు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి చిక్కుడు తీగకి పందిరి కట్టారు. మాట్లాడేది ఎక్కువగా తనే. ఆరు రోజుల మాటలు ఒక పూటలో ఖర్చు పెట్టేది. అతను తాడు బిగిస్తూ వినేవాడు. ఓసారి చూపు ఎత్తి అలాగే ఉండిపోతే ముడి వేలికి పడింది.

"వేలు కడితే కాయలు కాస్తాయా?" అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పన్నెండో వారం, సోమవారం సాయంత్రం, తోట షెడ్డు గోడకి ఒక లిస్టు వేలాడుతోంది. సొంత మడి అడిగినవాళ్ళకి మంజూరైన నంబర్లు. మూడోది: గాజు వర్క్‌షాపు, ముప్పై ఒకటి.

రెండుసార్లు చదివింది. అంటే విడిగా మడి కావాలని అర్జీ పెట్టుకున్నాడు. శనివారాలు నా వాగుడు భరించలేకేనేమో! డబ్బా ముట్టుకోకుండా, కింద చీటీ ఉందో లేదో చూడకుండా, వానలో తడుస్తూనే ఇంటికి నడిచింది.

మంగళవారానికి జ్వరం. లైబ్రరీకి సెలవని మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది. అమ్మకి "బాగున్నా" అని చెప్పింది. బుధవారం, గురువారం పైకప్పు చూస్తూ పడుకుంది. ఎవరికి తెలుస్తుంది అని రోజూ వేసుకున్న ప్రశ్నకి జవాబు ఇదేనన్నమాట. ఖాళీ కుర్చీని చూస్తే భయమేసింది.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇంటి ఓనరావిడ తలుపు తట్టింది. "అమ్మాయ్, ఎవరో అబ్బాయి వచ్చాడు. చేతిలో నీళ్ళ డబ్బా ఒకటి. మొక్కలమ్మేవాడా అంటే కాదంటాడు, చుట్టమా అంటే నోరు విప్పడు. జ్వరమా నీకు? ఒక్క మాట చెప్పకూడదటే!"

ఆవిడ వెనక అతను. చెమట్లు కక్కుతున్నాడు.

"సోమవారం పొద్దున ఎలా బోర్లించానో డబ్బా అలాగే ఉంది. మంగళవారం అలాగే. బుధ, గురు, ఇవాళా అలాగే. ఎవరూ నిలబెట్టలేదు. ఇక ఉండలేక లైబ్రరీకెళ్ళి మీ మేడమ్‌ని బతిమాలి అడ్రస్ పట్టుకున్నా."

"మీకు సొంత మడి వచ్చిందిగా," అంది. గొంతు గరగరలాడింది.

"ఆ అర్జీ రెండో వారంలో పెట్టింది. అప్పటికి మీరు నా చిక్కుడుని చంపిన మనిషి. లిస్టు చూడగానే పెద్దాయనకి వద్దని చెప్పేశా. నాకు సగం చాలన్నా. చీటీలో రాశాను కూడా. మీరు చూడలేదు."

వాన పడి ముద్దయిన చీటీ జేబులోంచి తీశాడు. అక్షరాలు సగం కరిగిపోయాయి.

ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. "ఐదింటి బస్సు?"

"వెళ్ళిపోయింది."

"తరవాతది?"

"లేదు," అన్నాడు. "నాకు మీరంటే ఇష్టం. అది చీటీలో రాయలేదు. ఎదురుగా చెబుదామని దాచుకున్నా."

ఇంటావిడ ఏమీ విననట్టు, మొత్తం వింటూ, కుర్చీ గుమ్మం దగ్గరికి లాగి అతనికి వేసింది. అతను అలవాటుగా డబ్బాని గడప మీద బోర్లించి కూర్చున్నాడు.

ఆ అమ్మాయి మంచం దిగింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వంగి, డబ్బాని తిప్పి నిలబెట్టింది.

"ఉన్నాను," అంది.